7 వేల కార్డ్‌లెస్ స్టిక్ వ్యాక్యూమ్: రవ్వ, కందిపప్పు, ముగ్గుపిండి పోసి టెస్ట్ చేస్తే తేలిందేంటి?

మా అమ్మకి డస్ట్ పడదు. పొద్దున చీపురు పట్టుకుంటే చాలు, ఇల్లు ఊడ్చేలోపు పది తుమ్ములు. పైగా వంగి ఊడవడం వల్ల నడుం నొప్పి. అందుకే సొంత డబ్బుతో దాదాపు 7 వేలకి ఒక కార్డ్‌లెస్ స్టిక్ వ్యాక్యూమ్ కొన్నాను. బ్రాండ్ పేరు చెప్పడం లేదు. ఈ రేటులో చూసే చాలా మోడల్స్‌లో స్పెక్స్, డిజైన్ ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి, ఒక్క మోడల్ గురించి కాకుండా మొత్తం ఈ కేటగిరీ గురించి మాట్లాడుకుందాం.

యాడ్ వీడియోల్లో తళతళలాడే చెక్క ఫ్లోర్ మీద కార్న్‌ఫ్లేక్స్ పోసి ఒక్క ఊపులో లాగేస్తారు. మన ఇళ్లలో కింద పడేవి వేరు: రవ్వ, పప్పు, పసుపు, ముగ్గు, జుట్టు. నేల కూడా వేరు: హాల్లో టైల్స్, వరండాలో తాండూరు బండలు. కాబట్టి టెస్ట్ కూడా మన పద్ధతిలోనే పెట్టాను.

ముందు బాక్స్ మీద నంబర్ల సంగతి

బాక్స్ మీద పెద్ద అక్షరాలతో "20 కేపీఏ సక్షన్" అని ఉంది. కేపీఏ అంటే కిలోపాస్కల్, ప్రెజర్ కొలిచే యూనిట్. సముద్రమట్టం దగ్గర మన చుట్టూ ఉండే గాలి ప్రెజరే సుమారు 101 కేపీఏ. అంటే ఈ మెషీన్ లోపల ప్రెజర్‌ని అందులో ఐదో వంతు దాకా తగ్గించగలదని అర్థం. వినడానికి బాగానే ఉంది. కానీ సాధారణంగా ఈ నంబర్ గొట్టం మూతిని పూర్తిగా మూసేసి కొలిచింది. మూతి మూస్తే గాలి కదలదు. గాలి కదలకపోతే దుమ్ము కూడా కదలదు!

కొబ్బరి బొండాంలో స్ట్రా పెట్టి తాగడం గుర్తు తెచ్చుకోండి. స్ట్రా చివర వేలితో మూసి ఎంత గట్టిగా పీల్చినా నోట్లోకి చుక్క రాదు. అలాగే స్ట్రాకి మధ్యలో చిల్లు పడితే గాలి వస్తుంది గానీ నీళ్లు రావు. లాగే బలం, కదిలే గాలి రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే ఎయిర్ వాట్. మూతి పూర్తిగా మూసినప్పుడు ఎయిర్ వాట్ సున్నా, పూర్తిగా తెరిచి ప్రెజర్ తేడా లేనప్పుడు కూడా దాదాపు సున్నానే. ఆ మధ్యలో ఎక్కడో గరిష్ఠం ఉంటుంది. రెండు మోడల్స్ పోల్చేటప్పుడు ఎయిర్ వాట్ ఇస్తే దాన్ని చూడండి. ఇవ్వకపోతే కేపీఏ ఒక్కదాన్నే నమ్మి డబ్బు పెట్టకండి.

బ్యాటరీ: ఫోన్ కంటే చిన్నదా?

దీని బ్యాటరీ 2200 ఎంఏహెచ్. "నా ఫోన్‌లోనే 5000 ఉంది కదా, ఇదేంటి?" అని నా ఫ్రెండ్ నవ్వాడు. అసలు చూడాల్సింది ఎంఏహెచ్ కాదు, వాట్ అవర్. ఫోన్ బ్యాటరీ సుమారు 3.85 వోల్టులు, అంటే 5000 ఎంఏహెచ్‌కి 19 వాట్ అవర్ల చిల్లర. ఈ వ్యాక్యూమ్‌లో 6 లిథియం అయాన్ సెల్స్ వరుసగా కలిపి 22.2 వోల్టులు చేశారు. 22.2 ఇంటూ 2.2 అంటే దాదాపు 49 వాట్ అవర్లు. ఫోన్ కంటే రెండున్నర రెట్లు.

ఇప్పుడు అసలు లెక్క. మోటర్ 150 వాట్లు అని రాశారు. 49ని 150తో భాగిస్తే 20 నిమిషాల లోపే. మరి బాక్స్ మీద "40 నిమిషాల బ్యాకప్" ఎలా వచ్చింది? 40 నిమిషాలు నడవాలంటే సగటున 73 వాట్లే వాడాలి. అంటే సగం పవర్‌తో నడిచే ఎకో మోడ్ లెక్క అది. నా దగ్గర ఫ్లోర్ బ్రష్ తగిలించి నడిపితే ఎకోలో 31 నిమిషాలు, మ్యాక్స్‌లో 16 నిమిషాలు వచ్చింది. బ్రష్ తిప్పడానికి ఇంకో చిన్న మోటర్ ఉంటుంది, అది కూడా ఇదే బ్యాటరీ తాగుతుంది. మా డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి ఎకోలో సరిపోయింది. మ్యాక్స్‌లో అయితే రెండో బెడ్‌రూమ్ మధ్యలో ఆగిపోయింది.

టెస్ట్ ఎలా చేశాను

చేసింది చాలా సింపుల్, మీరూ చేసుకోవచ్చు. వంటింటి డిజిటల్ కాటా మీద ఖాళీ డస్ట్ కప్ తూచాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు నేల మీద సుద్దతో గీత గీసి, అందులో 30 గ్రాముల సరుకు చల్లాను. ముందుకొకసారి, వెనక్కొకసారి నడిపి డస్ట్ కప్ మళ్లీ తూచాను. ప్రతి టెస్ట్ మూడుసార్లు చేసి మధ్య నంబర్ తీసుకున్నాను. నా కాటా గ్రాము కంటే తక్కువ చూపించదు, కాబట్టి ఒక గ్రాము అటూఇటూ పట్టించుకోకండి.

బొంబాయి రవ్వ, టైల్స్ మీద: ఎకోలో 30కి 26 గ్రాములు. ఇంకోసారి తిప్పితే 29. ఇక్కడ ఫుల్ మార్కులే.

కందిపప్పు, టైల్స్ మీద: ఇక్కడే తుస్సుమంది. 30కి 11 గ్రాములే. ముందు భాగంలో ఉన్న అంచు కిందికి ఉండటంతో పప్పు లోపలికి వెళ్లకుండా బుల్డోజర్ ముందు మట్టిలా నెట్టుకుపోయింది. లోపలికి వెళ్లిన గింజల్ని కూడా గట్టి నైలాన్ బ్రష్ వెనక్కి విసిరికొట్టింది. మ్యాక్స్ పెడితే ఇంకా దూరం ఎగిరాయి. హెడ్‌ని కొంచెం ఎత్తి గింజల మీద దించుతూ వెళ్తే 27 గ్రాములు వచ్చాయి. పని అవుతుంది గానీ అలా ఎత్తి దించడం కంటే చేటతో ఎత్తడమే తేలిక.

ముగ్గుపిండి: మేం వాడేది బియ్యప్పిండి కాదు, రాతి ముగ్గు. చాలా సన్నగా ఉంటుంది. మ్యాక్స్‌లో టైల్స్ మీద 27 గ్రాములు, తాండూరు బండల మీద 22 గ్రాములు. నంబర్ చూస్తే పర్లేదు అనిపిస్తుంది. కానీ రాత్రి లైట్లు ఆపి, ఫోన్ టార్చ్‌ని నేలకి ఆనించి పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి చూశాను. టైల్స్ మధ్య సందుల్లో తెల్ల గీతలు అలాగే ఉన్నాయి. బండల గరుకు మీద పొర కనిపించింది. ఈ టార్చ్ టెస్ట్ మీ ఇంట్లో కూడా చేయండి, ఏ వ్యాక్యూమ్ అయినా దాని అసలు రంగు బయటపడుతుంది.

జుట్టు: హాల్లో రాలిన జుట్టంతా ఒక్క ట్రిప్పులో ఎత్తేసింది. నాలుగో రోజుకి బ్రష్ రోల్ చుట్టూ తాడులా చుట్టుకుంది. కత్తెరతో కోసి తీయడానికి ఐదు నిమిషాలు.

అసలు టెస్ట్ ముగ్గు తర్వాతే

చాలా రివ్యూల్లో కొత్త మెషీన్‌తో టెస్ట్ చేసి వదిలేస్తారు. నేను ముగ్గు టెస్ట్ అయ్యాక ఫిల్టర్ ముట్టుకోకుండా, డస్ట్ కప్ మాత్రం ఖాళీ చేసి మళ్లీ రవ్వ చల్లాను. మొదట 26 గ్రాములు ఎత్తిన అదే ఎకో మోడ్ ఈసారి 17 దగ్గర ఆగింది. మోటర్ చప్పుడు కూడా సన్నగా, కీచుగా మారింది. గాలి దొరక్క మోటర్ వేగంగా తిరుగుతోందన్నమాట.

కారణం సింపుల్. ఖరీదైన మోడల్స్‌లో సైక్లోన్‌లు ఉంటాయి. గాలిని శంకువు లాంటి గొట్టాల్లో సుడులు తిప్పి, దుమ్ముని అంచులకి విసిరి, ఫిల్టర్ దాకా రాకుండానే కింద పడేస్తాయి. జేమ్స్ డైసన్ ఈ ఐడియాని ఇంటి వ్యాక్యూమ్‌కి పనికొచ్చేలా చేయడానికి 5127 ప్రోటోటైప్‌లు చేశాడని చెప్తారు. నా మోడల్ బాక్స్ మీద కూడా "సైక్లోన్" అని ఉంది గానీ, లోపల ఒక జల్లెడ, దాని వెనక ఫిల్టర్, అంతే. రవ్వ జల్లెడ దగ్గర ఆగుతుంది. ముగ్గు నేరుగా వెళ్లి ఫిల్టర్ మడతల్లో కూర్చుంటుంది.

ఫిల్టర్‌ని గోడకేసి తట్టి పెడితే 23కి వచ్చింది. నీళ్లతో కడిగి, 24 గంటలు నీడలో ఆరబెట్టాక మళ్లీ 26. తడి ఫిల్టర్ పెట్టి మాత్రం ఆన్ చేయకండి. తేమకి దుమ్ము ముద్ద కడుతుంది, మోటర్‌లోకి తడి వెళ్తుంది. వీలైతే స్పేర్ ఫిల్టర్ విడిగా దొరికే మోడలే తీసుకోండి.

మరి అమ్మ తుమ్ముల సంగతి?

నేను కొన్నదే దీని కోసం, కాబట్టి ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చూశాను. మొదటి మూడు రోజులు ఊడ్చేటప్పుడు అమ్మకి తుమ్ములు బాగా తగ్గాయి. నాకు భలే సంతోషం. నాలుగో రోజు డస్ట్ కప్ ఆమే ఖాళీ చేసింది. మూత తెరవగానే దుమ్ము గుప్పున మొహం మీదికి లేచింది. ఆ రోజంతా ముక్కు కారుతూనే ఉంది. నేల మీద పరుచుకుని ఉండాల్సిన దుమ్మంతా ఒకేచోట పోగుచేసి, ఆమె మొహానికి దగ్గరగా తెచ్చి పెట్టినట్టయింది.

ఇంకోటి, గాలి బయటికొచ్చే రంధ్రాల దగ్గర తడి నల్లగుడ్డ కట్టి ముగ్గు మీద నడిపాను. గుడ్డ మీద సన్నటి తెల్ల మరక పడింది. బాక్స్ మీద "హెపా టైప్ ఫిల్టర్" అని ఉంది. అమెరికన్ లెక్క ప్రకారం నిజమైన హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం ఆపాలి. "టైప్" అనే మాట తగిలించాక ఆ హామీ ఉండదు. ఫిల్టర్ ఎంత మంచిదైనా చుట్టూ రబ్బర్ సీల్ సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము పక్కదారిలో బయటికొస్తుంది.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో రూల్ మారింది. నడిపేది అమ్మ, ఖాళీ చేసేది నేను. అది కూడా బయట, కప్‌ని కవర్ లోపల పెట్టి మూత తెరిచి. ఫిల్టర్ తట్టేటప్పుడు మాస్క్. ముగ్గు ఉన్న గుమ్మం దగ్గరికి వ్యాక్యూమ్ వెళ్లదు, అక్కడ తడిగుడ్డే. అలర్జీ లేదా ఆస్తమా ఉన్నవాళ్ల కోసం కొనేవాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

నడుం విషయానికొస్తే, వంగాల్సిన పని లేదు గానీ మోటర్, బ్యాటరీ పైన చేతి దగ్గరే ఉంటాయి. రెండు గదులయ్యాక అమ్మ మణికట్టు పట్టేసిందంది. ఇప్పుడు రోజుకి హాలు, ఒక గది మాత్రమే చేస్తోంది.

చీపురుతో పోలిస్తే?

పోటీ పెట్టకుండా ఎలా ఉంటాను? కొండ చీపురు, చేటతో అమ్మ అదే రవ్వని 30కి 29 గ్రాములు ఎత్తింది. ముగ్గు 25. హాలు మొత్తం ఊడవడానికి చీపురుకి 6 నిమిషాలు, వ్యాక్యూమ్‌కి 9. అంటే శుభ్రంలో గానీ, స్పీడ్‌లో గానీ చీపురు ఓడిపోలేదు. వ్యాక్యూమ్ గెలిచింది మూడు చోట్ల: నడుస్తున్నప్పుడు దుమ్ము లేవకపోవడం, జుట్టు, సోఫా కింద.

కొనాలా, వద్దా?

టైల్స్ ఫ్లోర్, చిన్న ఫ్లాట్, ఇంట్లో జుట్టు లేదా పెట్ ఉంటే కొనొచ్చు. తాండూరు బండలు, పెద్ద ఇల్లు, లేదా మొత్తం చీపురు మానేద్దామన్న ఆలోచన ఉంటే ఈ బడ్జెట్‌లో వద్దు. కొనే ముందు ఈ నాలుగు చూడండి: ఊడదీసి మార్చుకునే బ్యాటరీ, విడిగా దొరికే ఫిల్టర్, గట్టి నైలాన్‌కి బదులు మెత్తటి రోలర్, చేతిలో పట్టుకుంటే బరువు ఎటు లాగుతోంది. ఇంటికొచ్చాక రిటర్న్ గడువు లోపే ఫిల్టర్ కొంచెం నిండేదాకా వాడి, అప్పుడు మళ్లీ రవ్వ పోసి చూడండి. మొదటి రోజు రిజల్ట్ కాదు, ఆ రోజు రిజల్టే నిజం.

మా వ్యాక్యూమ్‌ని నేను రిటర్న్ చేయలేదు. చీపురు కూడా తలుపు వెనకే ఉంది. వారం తర్వాత "ఎలా ఉందమ్మా?" అని అడిగితే, "బాగానే ఉంది గానీ, దాన్ని కడిగే పని మాత్రం మర్చిపోకురా" అంది. నా ఇంత పెద్ద రివ్యూ కంటే అమ్మ మాటే కరెక్ట్.