కంటైనర్ పుస్తకాలకే, పిల్లలకు కాదు

మా హోసూరు వైపు ఫ్యాక్టరీల దగ్గర పాత షిప్పింగ్ కంటైనర్లు చాలా కనిపిస్తాయి. నిరుడు ఒక దాత మా బడికి ఒకటి ఇచ్చారు. గదుల కొరత కదా, అందులో ఒకటో తరగతి నడుపుదామన్నారు కొందరు తల్లిదండ్రులు. నేను ఒప్పుకోలేదు.

ఇరవై అడుగుల కంటైనర్ లోపల చోటు దాదాపు 150 చదరపు అడుగులే. వెడల్పు ఎనిమిది అడుగులు కూడా ఉండదు. కిటికీలు లేవు, ఎండకు ఇనుము కాలిపోతుంది. పైగా గడియ బయటివైపే. 2004లో కుంభకోణం బడి మంటల్లో 94 మంది పిల్లలు పోయిన రాష్ట్రం మనది. నాకు ఆ గడియ ఒక్కటే చాలు, వద్దనడానికి.

సామాను గదిగా మాత్రం బాగా పనికొస్తుంది. తెలుగు వాచకాలు పాడైతే ఇక్కడి అంగళ్లలో మళ్లీ దొరకవు. అయితే ఇనుప పెట్టెకు వాన ఒక్కటే శత్రువు కాదు. లోపలి గాలిలోని తేమ రాత్రి చలికి పైరేకుకు పట్టి బొట్లుగా రాలుతుంది. మొదటి చలికాలంలోనే రెండో తరగతి వాచకాల పైకట్టలు ఉబ్బిపోయాయి. తప్పు నాదే, పైకప్పు దాకా పేర్చేశాను.

తర్వాత ఎదురెదురు గోడల్లో పైఅంచు కింద రంధ్రాలు చేయించి జాలీ బిగించాం. కట్టలు గోడకు జానెడు దూరంలో, చెక్కల మీద ఉంటున్నాయి. పైన నీడకు కొబ్బరాకులు చవకే గాని, కుంభకోణంలో అంటుకున్నదీ ఆకుల కప్పే. అందుకే అడుగు ఎత్తున రేకులు వేయించాం. ఖాళీ కంటైనరే రెండు టన్నులు దాటుతుంది, బరువంతా మూలల మీదే. నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మెలు తప్పనిసరి.

శనివారం మధ్యాహ్నం తలుపులు రెండూ బార్లా తెరిచి గాలి పోయనిస్తాం. ఆ పూటంతా ఒక టీచరు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటారు.