తెలివికి ముద్ర వేయింపవలెనా?

డాలసు నగరమునకు ఉత్తరముగా విస్తరించిన ఫ్రిస్కో, ప్లేనో వంటి శివారు పట్టణములలో తెలుగు కుటుంబములు కలిసికొను విందులలో, పులిహోర వడ్డన పూర్తియగులోపల ఎవరో యొకరు "మీ పాపకి కాగాట్‌లో ఎంతొచ్చిందండీ?" అని యడుగక మానరు. టెక్సస్ చట్టము ననుసరించి అచటి ప్రతి స్కూలు డిస్ట్రిక్టును ప్రతిభావంతులైన బాలబాలికలను గుర్తించి, వారికి తగిన బోధన నేర్పరుపవలసి యున్నది. ఆ బోధనకు వాడుకలో 'జీటీ' యని పేరు. దానిలోనికి గల ద్వారములలో కాగాట్ పరీక్ష యొకటి. దానికై బడినుండి యొక సమ్మతిపత్రము వచ్చును. ఇల్లు కొనునప్పుడును ఉద్యోగము మారునప్పుడును ఇంతగా తటపటాయింపని దంపతులు, ఆ కాగితముపై సంతకము చేయుటయా మానుటయా యని రాత్రులు మేలుకొని తర్కించుకొనుచున్నారు.

ఈ పరీక్ష ఎక్కముల యప్పగింత కాదు. ఒక బొమ్మలో చదరపు కాగితముండును; ప్రక్క బొమ్మలో అది మధ్యకు మడచియుండును; ఆ ప్రక్కదానిలో మడతమీద నొక రంధ్రముండును. కాగితమును విప్పినచో రంధ్రములెన్ని, ఎక్కడెక్కడ నుండునో పిల్లవాడు గుర్తింపవలెను. చూపుడువ్రేలితో గాలిలోనే కాగితమును మడచి విప్పిచూచుకొను పిల్ల యొకతె. బొమ్మను ఒక్కసారి చూచి, తల యెత్తకయే జవాబు గుర్తించు పిల్ల వేరొకతె. నెలరోజులుగా తండ్రి ప్రక్కన కూర్చుండి నిజమైన కాగితములనే మడచి, కత్తెరతో చిల్లులు పొడిచి, అభ్యసించి వచ్చిన పిల్ల మరియొకతె. ఈ మూడవ పిల్లకు వచ్చిన మార్కు ఆమె బుద్ధిని కొలిచినదో, తండ్రి యోపికను కొలిచినదో చెప్పగలవారెవరు? ఇందుకై కోచింగు కేంద్రములును, అభ్యాస పుస్తకములును వెలసిన మాట యందరెరిగినదే. మన వారున్నచోట కోచింగు లేకుండుట యెట్లు?

ఈ పరీక్షలో సగటు 100. 132 వచ్చినవారు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు. అయితే ఏ మానసిక పరీక్షయందైనను కొన్ని యంకెల పొరపాటు సహజముగా నిమిడియుండును గనుక, 129కిని 133కిని నడుమ వాస్తవమైన భేదము లేకపోవచ్చును. ఐదారేండ్ల వయస్సున వచ్చిన యంకె పదేండ్లకు నిలుచునన్న పూచీయు లేదు. న్యూయార్కు నగరమువారు నాలుగేండ్ల పసివారికే ఇటువంటి పరీక్ష పెట్టుచుండి, ఎంతో వాదప్రతివాదము జరిగిన పిమ్మట 2021లో దానిని మానివేసిరి. శాస్త్రజ్ఞుడు అటునిటు నాలుగంకెలు వదలి చదువు సంఖ్యను, మన వాట్సాపు గుంపులు దశాంశముతో సహా చదువుచుండుట వింత.

బుద్ధిని కొలుచు ఈ పద్ధతి పుట్టిన కథ యింకను వింతయైనది. 1904లో ఫ్రెంచి ప్రభుత్వమువారు, బడిలో వెనుకబడుచున్న పిల్లలను గుర్తించు మార్గమును వెదకుటకై యొక సంఘమును నియమించిరి. అందు సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, సిమోను అను వైద్యునితో కలిసి మరుసటి సంవత్సరమే తన మొదటి పరీక్షను ప్రకటించెను. ఎవరికి సాయము కావలెనో తెలిసికొనుటయే ఆయన యుద్దేశము, బుద్ధి పెంపునకు లొంగని స్థిరపరిమాణమన్న వాదమును ఆయన 1909లో గట్టిగా ఖండించెను, 1911లో కన్నుమూసెను. సుమారు ఐదేండ్లకు, 1916లో, స్టాన్‌ఫర్డులోని లూయిస్ టెర్మన్ ఆ పరీక్షను తన దేశమునకు అనువుగా మార్చి, పిమ్మట 1921 మొదలుకొని కాలిఫోర్నియా పిల్లలలో మిక్కిలి యెక్కువ యంకె వచ్చిన సుమారు 1,500 మందిని ఎన్నుకొని, వారి జీవితములను దశాబ్దముల తరబడి పరిశీలించెను. వారిలో పెక్కురు చక్కగా చదివి, మంచి యుద్యోగములు చేసి, సుఖముగా బ్రదికిరి. నోబెల్ బహుమానము మాత్రము వారిలో నెవరికిని రాలేదు. చాలినన్ని మార్కులు రాలేదని అప్పుడు వెనుకకు పంపిన పిల్లలలో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ అను ఇరువురుండిరి. మొదటివానికి 1956లోను, రెండవవానికి 1968లోను భౌతికశాస్త్రమున ఆ బహుమానము వచ్చినది.

ముద్ర వేయింపని పిల్లలకు నష్టము లేదని యీ కథవలన తేలునేమో గాని, ముద్ర పడిన పిల్లలకు నష్టము లేదని తేలదు. 1909లో పదునొకండేండ్ల విలియం సైడిస్‌ను హార్వర్డువారు చేర్చుకొనిరి. మరుసటి జనవరిలోనే ఆ బాలుడు గణితాచార్యుల యెదుట చతుర్థపరిమాణమును గూర్చి యుపన్యసించెను. పత్రికలు అతనిని వెంటాడినవి. పెరిగి పెద్దవాడైన పిదప అతడు కోరుకొన్నది చిన్న గుమాస్తా పనియు, ఎవరికిని తెలియని బ్రదుకును. ఒక ట్రామునుండి మరియొక ట్రాముకు మారువారికిచ్చు చీటీలను సేకరించి, వానిని గూర్చి 1926లో యొక పుస్తకమే వ్రాసెను. 1937లో న్యూయార్కరు పత్రిక ఆ బ్రదుకును బయటపెట్టగా వ్యాజ్యము వేసి, ఆంతరంగికత కొరకైన పోరాటమున అప్పీలు కోర్టులో ఓడిపోయి, 1944లో నలువదియారవ యేట మరణించెను. లోకము అతని జీవితమును వైఫల్యమన్నది. ఆ చీటీల పుస్తకము వ్రాయునప్పుడు అతడు సుఖముగానే యుండెనేమో యని నా యనుమానము.

అందరును సైడిస్‌లు కారు. సామాన్యముగా జరుగు హాని చిన్నది, ఇంటిలో జరుగునది. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అను మనస్తత్త్వవేత్తలు 1998లో ప్రకటించిన ప్రయోగములలో, ఒక చిక్కుప్రశ్నల వరుస చేసిన పిల్లలలో కొందరిని "నీవు తెలివిగలవాడవు" అనియు, కొందరిని "బాగా శ్రమించితివి" అనియు మెచ్చుకొనిరి. తరువాత కఠినమైన ప్రశ్నలిచ్చిరి. తెలివికి మెప్పు పొందినవారు త్వరగా విసిగిపోయిరి. అంతే కాదు, వేరొక బడి పిల్లలకు తమ మార్కులను వ్రాసి తెలుపుమన్నప్పుడు, వారిలో పదింట నలుగురికి చేరువగా మార్కులను పెంచి వ్రాసిరి.

ఇంతమాత్రమున సంతకము చేయవలదని నేననను. రెండవ తరగతిలో కూర్చుండి ఐదవ తరగతి లెక్కలు తనంతట చేయు పిల్లవాడు, రోజంతయు తెలిసినదే వినుచు, కాళ్లాడించి, మాటలాడి, చివరకు అల్లరివాడను పేరు తెచ్చుకొనును. అతనికి ఆ పరీక్ష న్యాయస్థానము వంటిది. టీచర్ల సిఫారసుపైనే యాధారపడినచోట బీద పిల్లలును, నల్లజాతి, హిస్పానిక్ కుటుంబముల పిల్లలును కంటబడక పోవుచుండిరనియు, ఫ్లోరిడాలోని బ్రోవార్డు కౌంటీలో రెండవ తరగతివారి నందరిని పరీక్షించిన పిమ్మట అట్టివారి సంఖ్య ఎంతో పెరిగినదనియు అర్థశాస్త్రజ్ఞులు చూపిరి. ఎనిమిదవ యేటనే కాలేజి ప్రవేశపరీక్ష గణితమున 800కు 760 తెచ్చుకొన్న అడిలైడు బాలుడు టెరెన్స్ టావోను, తలిదండ్రులు అతిపిన్న పట్టభద్రుడను రికార్డుకై తరుమక, కొన్నేండ్లు సగము హైస్కూలులోను సగము విశ్వవిద్యాలయములోను చదువనిచ్చిరి. 2006లో అతనికి ఫీల్డ్సు పతకము వచ్చినది. గుర్తించుట వేరు, ఊరేగించుట వేరు.

మన యూళ్లలో ఈ సమస్యకు రూపము మరియొకటి. 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో తెరచిన గురుకుల పాఠశాలయు, 1986 విద్యావిధానమునుండి వచ్చిన నవోదయ విద్యాలయములును పిల్లలను పరీక్షించియే చేర్చుకొన్నవి. నవోదయ పరీక్షను పల్లెపిల్లవాడు తెలుగులోనే వ్రాయవచ్చును. నెగ్గినచో చదువును, భోజనమును, పడకయు లభించును. అతనిని మేధావి యని యెవరును పిలువరు. ఆ పరీక్ష నాకు నచ్చుటకు కారణమిదియే: దానివెంట నొక వస్తువున్నది. ఆరవ తరగతికే ఐఐటీ ఫౌండేషను బ్యాచి యని విడదీసి, అవే గైడ్లను మరింత వేగముగా బట్టీపట్టించు బడులలో నున్నది పేరు మాత్రమే.

కావున సంతకమునకు ముందు బడిని అడుగవలసినది, నెగ్గిన పిల్లకు సోమవారమునాడు వేరుగా నేమి చెప్పుదురని. వారమున కొక గంట వేరొక గదిలో బొమ్మలు చేయింతుమన్నచో, ఆ గంటకొరకు అంత రభస యనవసరము. ఇంటిప్రక్క గ్రంథాలయము చాలును. తనకు తగిన లెక్కలు, తగిన పుస్తకము, తనవంటి యిద్దరు ముగ్గురు తోడివారు దొరకుదురన్నచో చేయవలసినదే. అంకె మాత్రము తలిదండ్రుల బీరువాలో నుండవలెను. గుంటూరులోని తాతగారికి సైతము చెప్పనక్కరలేదు, ఆయన మనుమరాలిని ఇదివరకే మేధావియనుకొనుచున్నాడు.

చిక్కెల్ల రెండవ బిడ్డతో వచ్చును. అక్క జీటీలో చేరిన యింట తమ్ముని కెవరును ఏమియు చెప్పకున్నను, తానెక్కడ నిలుచునో వాడు లెక్కగట్టుకొనును. వానికి తక్కువ మార్కులు వచ్చిన నాటినుండి ఆ యింట హోంవర్కు వేళ యెట్లు మారునో చూచినవారికి తెలియును. అక్క పోయినది గనుక తమ్ముడును పోవలెనని వానిని కోచింగున చేర్చుటకంటె, వాని టీచరును కలిసి, ఆ తరగతి వానికి చాలుచున్నదా లేదా యని కనుగొనుట మేలు. వాడే నోరు తెరచి యడిగినచో, "అక్కకి అక్కడ వేరే లెక్కలు చెబుతారురా, నీకూ కావాలంటే మీ టీచరుని అడుగుదాం" అనిన చాలును. వలదని బంతి తీసికొని పోయెనా, పోనిండు.