సిజేరియన్ కాన్పు తరువాత నొప్పి

పొట్ట కోసి బిడ్డను తీసిన తరువాత తల్లికి కలిగే నొప్పి ఒక్కటి కాదు, రెండు. కోత వల్ల కలిగేది మొదటిది. దగ్గినా, లేచినా చురుక్కుమని పోటెత్తుతుంది. గర్భాశయం ముడుచుకొనటం వల్ల కలిగేది రెండవది, అది మెలిపెట్టినట్లుంటుంది. బిడ్డ పాలు త్రాగేటప్పుడు తల్లి మెదడు క్రింద ఉన్న పిట్యూటరీ గ్రంథి నుండి ఆక్సిటోసిన్ వెలువడి గర్భాశయాన్ని ముడుచుకొనేటట్లు చేస్తుంది. బిడ్డ రొమ్ము పట్టగానే తల్లి పొత్తికడుపు పట్టుకొనటం అందుకే.

రెండు త్రోవల వచ్చే నొప్పికి ఒక్క మందునే హెచ్చుగా ఇవ్వటం కన్న, వేర్వేరు చోట్ల పనిచేసే మందులను కొద్దికొద్దిగా ఇవ్వటం మేలని నేటి వైద్యుల అభిప్రాయం. గాయపడిన చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుట్టి, నాడుల కొనలకు సున్నితత్వాన్ని పెంచుతాయి. గర్భాశయం ముడుచుకొనటానికీ ఇవి తోడ్పడతాయి. ఆస్పిరిన్ వంటి మందులు వీటి తయారీని అరికడతాయని 1971లో జాన్ వేన్ చూపించాడు. ఐబుప్రొఫెన్ ఆ కోవలోనిదే. కనుక రెండు నొప్పులకూ పనిచేస్తుంది. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి మాత్రం తగదు. దానికి పారాసిటమాల్ తోడు చేస్తారు. నొప్పి ముదిరే దాకా ఆగక, వేళ తప్పకుండా ఇస్తేనే వీటి ఫలితం బాగుంటుంది.

మార్ఫీన్ సంగతి మరీ విచిత్రం. కండకు పొడిచే సూదిమందులో అది సుమారు 10 మిల్లీగ్రాములు పడుతుంది. ఆపరేషనుకు నడుములో మత్తు ఇచ్చేటప్పుడే, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపితే 0.1 మిల్లీగ్రాము చాలు, అనగా నూరవ వంతు! నొప్పి వార్తను మెదడుకు అందించే నాడీకణాలు అక్కడనే ఉన్నాయి. మార్ఫీన్ కొవ్వులో సులభంగా కరగదు గనుక, ఆ ద్రవంలో నిలిచి చాలా గంటలు పనిచేస్తుంది. అయితే దురద, వాంతులు కలుగవచ్చు; అరుదుగా శ్వాస మందగించవచ్చు. కనుక నర్సు కనిపెట్టి ఉండాలి.

మందు పాలలోకి దిగుతుందన్న భయంతో బాధ ఓర్చుకొనే తల్లులు మన ఇళ్ళలో ఎందరో. పెద్దలు ఆ ఓర్పును మెచ్చుకొనటం కూడా కద్దు. కాని బాధతో ఉన్న తల్లి లేచి నడవదు, గట్టిగా ఊపిరి తీయదు. కాన్పు తరువాత కాళ్ళ సిరలలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం అసలే హెచ్చు. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ పాలలోకి చేరేది అత్యల్పం. జాగ్రత్త పడవలసినది కొడీన్ విషయంలో. కాలేయం దానిని మార్ఫీన్‌గా మారుస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఈ మార్పు అతివేగం. అట్టి తల్లి పాల ద్వారా బిడ్డకు మార్ఫీన్ హెచ్చుగా చేరి, మగత కమ్మి, శ్వాసకే ముప్పు రావచ్చు. అందుకే పాలిచ్చే తల్లులకు కొడీన్, ట్రమడాల్ తగవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

కోత నొప్పి దినదినం తగ్గవలసినది. తగ్గక పెరిగినా, జ్వరం తగిలినా, కోత ఎర్రబడి చీము పట్టినా, ఒక కాలి పిక్క వాచి సలిపినా, మాత్రలతో అణచి ఊరుకోక తోడనే ఆసుపత్రికి తీసుకొని పోవాలి.