తీగలేని డ్రిల్లు: కొనుటకు ముందు చూడవలసినవి

మన సంఘ సభ్యుల కుమారులలో పలువురు సేద్యపు పనులు లేని నెలలలో హైదరాబాదు పాతబస్తీకి పోయి వడ్రంగము, కరెంటుపని చేసి యింటికి డబ్బు పంపుచున్నారు. వీరికి తీగలేని డ్రిల్లు నేడు ఉలి, సుత్తెలవలె ముఖ్యమైన పనిముట్టు. దానికై అప్పు కోరువారు హెచ్చుచున్నందున, మేము చూచి తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

ఒక సభ్యుని కుమారుడు 48 అను అంకె పెద్దదిగా ముద్రించిన మెషినును చవుకగా కొనెను. రెండు మాసములు గడవకమునుపే దాని బ్యాటరీ పావుగంటయైన నిలువలేదు. అట్టి బ్యాటరీ వేరొకటి బజారున దొరకలేదు. పని చేయించువారు మరియొకనిని పిలుచుకొనిరి. అప్పు మాత్రము మిగిలెను. మేము ఆ బ్యాటరీని విప్పించి చూడగా లోపల వరుసగా కలిపిన 5 కణములే యుండెను. లిథియం కణ మొక్కొక్కటి సుమారు 3.6 వోల్టులు, ఐదింటికి 18 వోల్టులే గదా! పూర్తిగా ఛార్జి చేసినపుడు అదియే 20, 21 వరకు చూపును. కావున 18, 20, 21 అని వ్రాసినవి సాధారణముగా ఒకే తరగతివి. 3 కణములవి 12 వోల్టులవిగా అమ్మబడుచున్నవి.

బ్యాటరీ ఎద్దు వంటిది, మెషిను నాగలి వంటిది. ఎద్దు యొక్క సత్తువ తెలియుటకు వోల్టులను ఆంపియరు-గంటలతో హెచ్చింపవలెను. 18 వోల్టులు, 2 ఆంపియరు-గంటలైనచో 36 వాటు-గంటలు. 4 ఆంపియరు-గంటలైనచో 72. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణముగా మరియొక కంపెనీ మెషినుకు పట్టదు. కావున బ్యాటరీలును మరమ్మతును నగరములో దొరకు కంపెనీని ముందు ఎన్నుకొనవలెను. తరువాత రంపము, గ్రైండరు మున్నగువానిని బ్యాటరీ లేకుండ కొని, ఉన్న బ్యాటరీతోనే నడుపుకొనవచ్చును. దినము పొడుగున పనిచేయువానికి రెండు బ్యాటరీలు అవసరము.

ఇక గోడ సంగతి. 1591లో కట్టిన చార్మినారు చుట్టుపట్ల డంగుసున్నముతో కట్టిన పాత యిండ్లును, వాని ప్రక్కనే కాంక్రీటు మేడలును గలవు. తలుపులు, అలమారులు మాత్రమే బిగించువానికి తేలికయైన 12 వోల్టులది చాలును. ఇటుకగోడలు కూడ తొలుచువానికి 13 మిల్లీమీటర్ల చక్కు గల 18 వోల్టుల హామరు డ్రిల్లు తగినది. కాంక్రీటు కప్పును, నల్లరాతిని తరచుగా తొలుచుటకు ఎస్‌డీఎస్ బిట్టుతో నడచు రోటరీ హామరు వేరుగా కావలెను. ఎప్పుడో ఒకనాటి పనికైనచో అద్దెకు తెచ్చుకొనుట లాభము. పాత సున్నపు గోడపై హామరు ఆపి మెల్లగా తొలువవలెను. లేనిచో పూత పెచ్చులుగా రాలును. ఆ నష్టము పనివాని మీదనే పడును.

కార్బను బ్రష్షులు లేని మోటారుకు ధర హెచ్చు. కాని ఒక ఛార్జితో ఎక్కువ పని జరుగును. నిత్యము వాడువారికి అదియే మేలు. అప్పుడప్పుడు వాడువారికి బ్రష్షుల మోటారు చాలును. అరిగిన బ్రష్షులను మార్చుకొనవచ్చును.

1961లో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ తీగలేని డ్రిల్లును తెచ్చినపుడు నికెల్-కాడ్మియం బ్యాటరీలు వాడుకలో నుండెను. వానిని పూర్తిగా ఖాళీచేసి ఛార్జి చేయు అలవాటు ఆ కాలముది. లిథియం బ్యాటరీకి అది కూడదు. ఎండలో గాని, పనిలో గాని వేడెక్కిన బ్యాటరీని చల్లారనిచ్చిన పిమ్మటనే ఛార్జి చేయవలెను. వేసవిలో ఇనుపపెట్టెలో ఉంచి ఎండకు వదలరాదు.

అప్పు కోరు సభ్యులు తాము చేయు పని, తొలుచు గోడ, కంపెనీ పేరు, రెండవ బ్యాటరీ ధర, గ్యారంటీ కాలము ఒక కాగితముపై వ్రాసి తెచ్చిన యెడల సంఘమువారికి తీర్మానించుట సులభమగును. పైన చెప్పిన కుఱ్ఱవాడు ఈ విధముగనే విచారించి 18 వోల్టుల హామరు డ్రిల్లును, రెండు బ్యాటరీలను కొనెను. ఇప్పుడు మరల పాతబస్తీలో పనిచేయుచు, రెండు వాయిదాలు గడువులోగా చెల్లించినాడు.