డెమోక్రసీ ఫెలోషిప్‌కి అప్లై చేసే ముందు ఈ ఎపిసోడ్ చూడండి

ఈరోజు టాపిక్ మన రెగ్యులర్ ఎమ్మెస్, హెచ్-1బీ టాపిక్ కాదు. అనంతపురం జిల్లా నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఉపాధి హామీ సామాజిక తనిఖీలో ఆరేళ్లుగా డీఆర్పీగా చేస్తున్నా. డిగ్రీలో మార్కులు తక్కువ, ఇంగ్లిష్ అంతంతమాత్రం. డెమోక్రసీ, గవర్నెన్స్ మీద అమెరికాలో ఫెలోషిప్‌లు ఉంటాయట కదా, నాలాంటోడు అప్లై చేయొచ్చా?" అని.

చేయొచ్చు తమ్ముడూ. ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు నా సంగతి చెప్పేస్తా. రెండేళ్ల కిందట నేనూ ఇలాంటి ఒక ఫెలోషిప్‌కి అప్లై చేశా. రిజెక్ట్ అయింది. తప్పు నాదే. మన బీటెక్ వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది కదా, రెజ్యూమేలో ఉన్నదంతా తీసుకొచ్చి ఎస్ఓపీలో పోసేస్తాం. జావా వచ్చు, టీమ్ లీడ్ చేశా, ప్రజాస్వామ్యం అంటే నాకు ప్రాణం అని మూడు పేజీలు రాశా. ప్రజాస్వామ్యం కోసం నువ్వు ఏం చేశావు అంటే చెప్పడానికి ఒక పేరా కూడా లేదు. ఈ తమ్ముడి దగ్గర ఆరేళ్ల పని ఉంది, కానీ మార్కుల గురించి భయపడుతున్నాడు. అందుకే ఈ ఎపిసోడ్ చేయాలనిపించింది.

అసలు ఫెలోషిప్ అంటే ఏంటి? స్కాలర్‌షిప్ చదువుకోవడానికి ఇస్తారు, చివర్లో డిగ్రీ వస్తుంది. ప్రొఫెషనల్ ఫెలోషిప్‌లో డిగ్రీ రాదు. ఇప్పటికే ఒక రంగంలో పనిచేస్తున్నవాళ్లకి కొన్నాళ్లు ఆ పని నుంచి బయటికొచ్చి, ఆలోచించుకుని, రాసుకుని, నలుగురిని కలిసే టైమ్ ఇస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రీగన్-ఫాసెల్ డెమోక్రసీ ఫెలోషిప్. వాషింగ్టన్‌లో నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ, పొట్టిగా ఎన్ఈడీ, 1983లో మొదలైన సంస్థ. వాళ్లు 2001లో ఈ ఫెలోషిప్ పెట్టారు. ప్రెసిడెంట్ రొనాల్డ్ రీగన్, ఫ్లోరిడా కాంగ్రెస్ సభ్యుడు డాంటే ఫాసెల్ పేర్లు కలిపి ఆ పేరు వచ్చింది. ఉద్యమకారులు, జర్నలిస్టులు, స్కాలర్లు సుమారు ఐదు నెలలు అక్కడే ఉండి తమ ప్రాజెక్ట్ మీద పనిచేసేలా దీన్ని నడిపారు. ఇంకోటి స్టాన్‌ఫర్డ్‌లో గతంలో డ్రేపర్ హిల్స్ పేరుతో నడిచిన సమ్మర్ ఫెలోషిప్. 2005లో మొదలైంది, కొన్ని వారాల ప్రోగ్రామ్. రెండూ పనిలో అనుభవం ఉన్నవాళ్ల కోసమే. ఫ్రెషర్స్ అయితే ముందు ఇక్కడ నాలుగేళ్లు పనిచేసి రండి, తొందరేం లేదు.

ఇక అప్లికేషన్. ఇలాంటివాటిలో గుండెకాయ ప్రాజెక్ట్ ప్రపోజల్. "భారతదేశంలో అవినీతి నిర్మూలన" అని రాశారనుకోండి, అక్కడే అయిపోయింది. ఐదు నెలల్లో మీరొక్కరు చేయగలిగిందే రాయాలి. తమ్ముడి విషయమే చూడండి. 2005 ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు ఇచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే మొదలైంది, దేశంలో చాలామంది మనల్ని చూసి నేర్చుకున్నారు. ఇతను మస్టర్లు తిరగేశాడు, జాబ్ కార్డులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లాడు, ప్రజావేదికలో అందరి ముందు లెక్కలు చదివాడు. మరి అతనికి వచ్చిన ప్రశ్న ఏంటి? ఫోన్‌లో అడిగితే టక్కున చెప్పాడు: "తప్పు బయటపడ్డాక డబ్బు ఎందుకు వెనక్కి రాదన్నా?" అదీ ప్రపోజల్! ఒక మండలం, పది తనిఖీ రిపోర్టులు, ఒక ప్రశ్న. వేరే దేశాల్లో ఇలాంటి తనిఖీల తర్వాత ఏం చేస్తున్నారో చూసి, తిరిగొచ్చి వాడుకునేలా తెలుగులో ఒక చేతిపుస్తకం. నెలవారీగా ఏం చేస్తాడో ఒక పేజీలో రాస్తే చాలు.

రెండోది రికమెండేషన్ లెటర్లు. మనవాళ్లు ఎమ్మెల్యే దగ్గరికో, కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరికో పరిగెత్తుతారు. "ఇతను మంచి క్రమశిక్షణ కలవాడు" అని రాసిస్తారు, దానితో ఏం ఉపయోగం? మీ పని కళ్లారా చూసినవాళ్లు రాయాలి. పెద్ద పదవి లేకపోయినా పర్లేదు. వాళ్లకి నెల ముందే చెప్పండి, మీరు చేసిన మూడు పనుల వివరాలు ఒక కాగితం మీద రాసివ్వండి.

మూడోది ఇంగ్లిష్. రావాలి, అందులో డౌట్ లేదు. అక్కడ చర్చలన్నీ ఇంగ్లిష్‌లోనే. కానీ ఇంగ్లిష్ రావడం వేరు, స్టైలిష్‌గా రావడం వేరు. ముందు మొత్తం తెలుగులో రాసుకోండి, తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లోకి మార్చండి. ఏఐతో గ్రామర్ దిద్దించుకోండి, ఓకే. మొత్తం దానితోనే రాయిస్తే మాత్రం ఇంటర్వ్యూలో మీ ప్రపోజల్ మీకే కొత్తగా ఉంటుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని పార్ట్. స్కిప్ చేయకండి.

ఒకటి, వీసా. అమెరికాలో ఇలాంటి ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లకు సాధారణంగా జే-1 ఇస్తారు. పిలిచిన సంస్థ డీఎస్-2019 అనే ఫారం పంపితేనే వీసాకి వెళ్లగలం. ప్రోగ్రామ్‌కి ప్రభుత్వ డబ్బు ఉంటే 212(ఇ) రూల్ తగలొచ్చు. అంటే తిరిగొచ్చి రెండేళ్లు సొంత దేశంలో ఉన్నాకే, లేదా మినహాయింపు తెచ్చుకున్నాకే, హెచ్-1బీ గానీ గ్రీన్ కార్డ్ గానీ. ఫెలోషిప్‌ని అమెరికాకి దొడ్డిదారి అనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

రెండు, మన చట్టం. ఎఫ్‌సీఆర్ఏ 2010లో 6వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ ఉద్యోగులు, చట్టసభ సభ్యులు, జడ్జీలు, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు, ప్రభుత్వ అజమాయిషీలోని సంస్థల ఉద్యోగులు విదేశీ ఆతిథ్యం తీసుకోవాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. తమ్ముడూ, నీ పోస్టు దీని కిందికి వస్తుందా అని ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. నోటిమాట మీద వెళ్లకు. పనిలో పనిగా, ఐదు నెలల తర్వాత ఆ కాంట్రాక్ట్ ఉంటుందా లేదా అనేది కూడా అడుగు.

మూడు, డబ్బు ఎవరిది? ఎన్ఈడీకి ప్రధానంగా నిధులిచ్చేది అమెరికా కాంగ్రెస్. రష్యా 2015లో దాన్ని 'అవాంఛిత సంస్థ'గా ప్రకటించింది. 2025లో సొంత ప్రభుత్వమే నిధులు ఆపితే ఎన్ఈడీ కోర్టుకెళ్లింది. కాబట్టి ఏ ఫెలోషిప్ అయినా ఈ ఏడాది తెరిచి ఉందో లేదో వాళ్ల అధికారిక సైట్‌లో చూశాకే ఉద్యోగం గురించి నిర్ణయం తీసుకోండి. ఎవరైనా ప్రాసెసింగ్ ఫీజు కట్టమంటే ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఊళ్లో "అమెరికా డబ్బు తీసుకున్నావట" అని అడిగేవాళ్లు ఉంటారు. దాచాల్సిన పని లేదు, కానీ జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

తమ్ముడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. మొదటి డ్రాఫ్ట్ తెలుగులో నాలుగు పేజీలు రాశాడట. "సెలెక్ట్ కాకపోతే ఎలా అన్నా?" అన్నాడు. ఆ నాలుగు పేజీలు మీ మండలంలో వచ్చే ప్రజావేదికకి పనికొస్తాయి కదరా అన్నా. నా మూడు పేజీలు నాకే పనికిరాలేదు. తేడా అదే.

సరే ఫ్రెండ్స్, ఇవాళ్టికి ఇంతే. మీరు చేసిన పని ఏంటో, దాన్నుంచి మీకు పుట్టిన ప్రశ్న ఏంటో ఈ రాత్రికే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.