మీకు తెలుసా? బెజవాడ వెలుగులో మునిగే పాలవెల్లి

వినాయక చవితికి దేవుడి తల మీద కట్టే చట్రాన్ని పాలవెల్లి అంటాం. సన్నటి చెక్క పట్టీలకు పసుపు రాసి, మామిడాకులు కట్టి, వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తులు, బత్తాయిలు దారాలతో వేలాడదీస్తాం. అసలు పాలవెల్లి ఆకాశంలో ఉంది, ఈ చట్రం దానికి నకలు, కాయలు చుక్కలకు గుర్తు అని పెద్దలు చెబుతారు. పిల్లలు సైన్సు పుస్తకంలో పాలపుంత అని చదువుకునేది దాన్నే. నూజివీడు వైపు మామిడాకులకు ఏం కొదవ? చట్రం ఏటా నిండుగానే ఉంటుంది. పైనున్నదే పలచబడుతోంది.

చవితి చంద్రుణ్ని చూస్తే నీలాపనిందలని ఆ రాత్రి ఎవరమూ తలెత్తం. నిజానికి తొమ్మిదిన్నరకల్లా ఆయన అస్తమిస్తాడు. మబ్బు పట్టకపోతే (భాద్రపదంలో అది మన అదృష్టం) ఆ వేళకు పాలవెల్లి ఈశాన్యం నుంచి నడినెత్తి మీదుగా నైరుతికి పరుచుకుని ఉంటుంది. అందులో బాగా చిక్కనిది ధనూరాశి వైపు భాగం. అది దిగేది నైరుతికే. నూజివీడుకు నైరుతిన ఉన్నదేమిటి? బెజవాడ! ఆ ఊరి దీపాల వెలుగు ఆకాశం అంచుకు ఎక్కి, చిక్కటి పాలలో నీళ్లు కలిపేస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో మామిడి తోట కావలి పడుకునేవారు ఇంకాస్త అదృష్టవంతులు. అర్ధరాత్రి దాటాక అదే పాలవెల్లి బెజవాడకు ఎడంగా, ఆగ్నేయాన పైకి లేస్తుంది. గేటు మీది తెల్ల బల్బు కళ్లలో పడకుంటే మంచంలోంచే చూడొచ్చు.

ఆ తెల్ల బల్బుతోనే చిక్కు. ఎల్‌ఈడీ తెల్లటి వెలుతురులో నీలం పాలు ఎక్కువ. పగలు ఆకాశాన్ని నీలంగా చూపే గాలే, రాత్రి ఆ నీలాన్ని నలుదిక్కులా చిమ్ముతుంది. పాత సోడియం దీపాల పసుపు వెలుగు అంతగా చెదరదు. ఎల్‌ఈడీతో కరెంటు ఆదా అయిన మాట నిజమే. చవకగా వస్తోంది కదా అని ఒకటి చాలిన చోట నాలుగు పెట్టిందీ మనమే.

హైదరాబాదుకు ఇది పాత కథ. 1901లో మొదలైన నిజామియా వేధశాల బేగంపేటలో ఉండేది. నగరం పెరిగాక ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని దూరంగా, ఇబ్రహీంపట్నం వైపు జపాల్-రంగాపూర్‌లో పెట్టుకుంది. ఆ తర్వాత నగరమే వెలుగులు వేసుకుని అటు నడిచింది.

2016లో వెలువడిన రాత్రి వెలుగుల ప్రపంచ పటం లెక్కన, మనుషుల్లో మూడో వంతు మందికి తామున్న చోట పాలవెల్లి కనిపించదు. 2023లో అచ్చయిన మరో అధ్యయనానికి ప్రపంచమంతటా మామూలు జనమే చుక్కలు చూసి వివరాలు పంపారు. ఆకాశపు వెలుగు ఏటా 9.6 శాతం పెరుగుతోందని తేలింది. ఒక బిడ్డ పుట్టినప్పుడు 250 చుక్కలు కనిపించే ఊళ్లో, ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి మిగిలేవి వందే.

తోట గేటు బల్బుకు ఒక రేకు గొడుగు పెట్టించండి. వెలుతురు కావలసింది నేల మీద. ఈ చవితికి పదింటికి డాబా ఎక్కండి. ఫోను కిందే వదిలేయండి, చీకటికి కన్ను అలవాటు పడటానికి అరగంట పడుతుంది.