వాలు లేని దారి, లారీ లేని దారి: ఖరగ్‌పూర్ పల్లెల్లో సైకిలు శాస్త్రం

హౌరా వెళ్లే రైలు ఖరగ్‌పూర్‌లో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టింది, తర్వాత పెద్ద వర్క్‌షాప్ పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు పనికోసం వచ్చి తరతరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. మథురాకాటి, నింపురా వంటి రైల్వే కాలనీల్లో తెలుగు ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1951లో మొదలైన దేశపు తొలి ఐఐటీ కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆ క్యాంపస్‌లో విద్యార్థులకు సైకిలే ప్రధాన వాహనం.

సెలవు రోజున ఆ సైకిలు మీద ఊరు దాటి నాలుగు పల్లెలు చూసి వద్దామంటే ముందు ఎదురయ్యేది జాతీయ రహదారి. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే 16వ నంబరు రహదారి ఖరగ్‌పూర్ అంచును తాకుతూ సాగి శ్రీకాకుళం, విశాఖ, విజయవాడ చేరుతుంది. తారు నున్నగా ఉంటుంది, లారీలూ అంతే జోరుగా ఉంటాయి. దానికి కాస్త ఎడంగా పొలాల మధ్య, చెరువుల పక్కన, కాలువల వెంట సన్నని దారులున్నాయి. వీటిలో ఏ దారి మంచిది? ఇది ఇష్టాయిష్టాల విషయంలా కనిపిస్తుంది గానీ, భౌతికశాస్త్రం కూడా దీనికి జవాబు చెబుతుంది.

850 గ్రాములు, 17 గ్రాములు

ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఎస్.ఎస్. విల్సన్ 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఒక లెక్క చూపించారు. అదే దూరం నడిచి వెళ్లడంతో పోలిస్తే సైకిలు మీద వెళ్లడానికి మనిషికి సుమారు ఐదో వంతు శక్తి చాలు. అయితే ఈ లాభం సమతలం మీదే పూర్తిగా దక్కుతుంది.

మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు అనుకుందాం. తారు రోడ్డు మీద చక్రాలు దొర్లడానికి అడ్డొచ్చే బలం సుమారు అర కిలో బరువుతో సమానం. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో గాలి కూడా దాదాపు అంతే అడ్డుపడుతుంది. అంటే మొత్తం కిలో పైచిలుకు. ఇప్పుడు 100 మీటర్లకు 1 మీటరు లేచే చిన్న వాలు వచ్చిందనుకోండి. కంటికి అది వాలులాగే అనిపించదు. అయినా 85 కిలోల్లో నూరో వంతు, అంటే 850 గ్రాముల భారం అదనంగా పడుతుంది. శ్రమ ఒక్కసారిగా ముప్పావు వంతు పెరిగిపోతుంది.

కాలువ గట్టు సంగతి చూడండి. పెద్ద సేద్యపు కాలువలు కిలోమీటరుకు పది, ఇరవై సెంటీమీటర్ల చొప్పున మాత్రమే దిగుతుంటాయి. ఇరవై సెంటీమీటర్ల లెక్కన ఎదురు దిశలో ఎక్కినా మనపై పడే అదనపు భారం 17 గ్రాములు. చిన్న నిమ్మకాయంత. అందుకే కాలువ వెంట ఎంత దూరం పోయినా కాళ్లకు ఎత్తుపల్లాలు తెలియవు.

నీరూ రైలూ వెతికిన సమతలం

ఖరగ్‌పూర్‌కు ఉత్తరాన కంసావతి నది ఉంది. స్థానికులు కసాయి అంటారు. నదికి అవతల మేదినీపూర్. ఆ నది మీద మోహన్‌పూర్ దగ్గర ఒక ఆనకట్ట ఉంది. అక్కడ దాన్ని 'అనికట్' అంటారు. మన ఆనకట్టకు చుట్టమైన ఆ మాట దక్షిణాది నుంచి ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి బెంగాల్‌కు వెళ్లింది. మాట ఒక్కటే కాదు, ఆలోచన కూడా దక్షిణాదిదే. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో ఏర్పడిన కంపెనీ 1860లలో ఒడిశా, మేదినీపూర్ కాలువల పని చేపట్టింది. తర్వాత ప్రభుత్వం ఆ పనులను తన చేతిలోకి తీసుకుంది. మేదినీపూర్ నుంచి తూర్పుగా హుగ్లీ ఒడ్డున ఉన్న ఉలుబేరియా వైపు సాగిన ఈ కాలువను సాగుకూ, పడవలకూ వాడారు. 1900 ప్రాంతంలో హౌరాకు నేరుగా రైలు వచ్చాక పడవల రద్దీ తగ్గిపోయింది.

కాలువ తవ్వినవారూ రైలుమార్గం వేసినవారూ వెతికింది ఒక్కటే: వీలైనంత తక్కువ వాలు. ఉక్కు చక్రానికి ఉక్కు పట్టా మీద పట్టు తక్కువ కాబట్టి రైలు ఏటవాలు ఎక్కలేదు. నిలిపిన బోగీలు వాటంతట అవే దొర్లిపోకుండా స్టేషన్ యార్డుల్లో వాలు 400కు 1 మించకూడదని మన రైల్వే నియమం. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరుపొందిన 1072 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం అలాంటి నేల మీదే నిలిచింది.

రైలుకు నప్పిన వాలు సైకిలుకూ నప్పుతుంది. ఈ సంగతి గ్రహించిన అమెరికావారు 1960లలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మూతబడిన ఒక రైలుమార్గాన్ని సైకిలు బాటగా మార్చారు. తర్వాత అలాంటి బాటలు ఎన్నో దేశాల్లో వచ్చాయి. అవన్నీ పట్టాలు తీసేసిన దారులన్నది మరవకూడదు. నడుస్తున్న రైలుమార్గం పక్కన సైకిలు తొక్కడం నేరం, ప్రాణాపాయం కూడా. ఖరగ్‌పూర్‌లో మనకు మిగిలేవి కాలువ గట్లు, పల్లె దారులు.

ఊరికి పడమర ఎరుపు, తూర్పు బూడిద రంగు

ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి అంచు, గంగా మైదానపు ఒండ్రు నేల కలిసేచోట ఖరగ్‌పూర్ ఉంది. రాజమండ్రి నుంచి ఒకవైపు వెళితే మెట్ట, మరోవైపు వెళితే డెల్టా వచ్చినట్టే ఇక్కడా ఉంటుంది. పడమర వైపు ఎర్రని లేటరైట్ నేల, సాల అడవులు, మెల్లగా లేచి పడే దారులు. తూర్పున వరి పొలాలు, చెరువులు, కాలువలు.

లేటరైట్ అనే పేరు 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ కేరళ నేలను చూసి పెట్టినది. లాటిన్‌లో ఆ మాటకు మూలం 'ఇటుక'. ఎక్కువ వాన, ఎక్కువ వేడి ఉన్నచోట రాతిలోని సిలికా, కాల్షియం వంటివి కరిగి కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. ఆ ఇనుమే ఎరుపు రంగు. గాలి తగిలితే ఈ రాయి ఇంకా గట్టిపడుతుంది. కేశియారీ దగ్గర గగనేశ్వర్‌లో ఉన్న కురుంబేరా కోటను ఈ రాతితోనే కట్టారు. సైకిలు మీద చూసిరావడానికి మంచి గమ్యం.

ఎర్ర గులకనేల మీద చక్రానికి అడ్డొచ్చే బలం తారు రోడ్డుకంటే రెండు రెట్లకు పైగా ఉండవచ్చు. సన్న టైరు బాగా గట్టిగా గాలి కొట్టుకుని వస్తే ప్రతి గులకకూ సైకిలు ఎగురుతుంది. ఆ ఎగురుడులో శక్తి వృథా అవుతుంది. వెడల్పు టైరులో గాలి కాస్త తగ్గిస్తే అది గులక చుట్టూ ఒదిగి ముందుకు దొర్లుతుంది. వానాకాలంలో మాత్రం లెక్క మారుతుంది. ఎర్ర నేలలో నీరు త్వరగా ఇంకుతుంది. తూర్పు వైపు బంకమట్టి చక్రాలకు చుట్టుకుని సైకిలును మోసుకెళ్లే పరిస్థితి తెస్తుంది.

లారీ పక్కన ఏం జరుగుతుంది?

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి సుమారు ముగ్గురు సైకిలు మీద వెళ్తున్నవారు. వాహనం వేగం రెట్టింపైతే అది తగిలే శక్తి నాలుగింతలవుతుంది. తగలకపోయినా ముప్పు ఉంది. లారీ దాటేటప్పుడు దాని ముందున్న గాలి మనల్ని బయటికి నెడుతుంది, వెంటనే పక్కన ఏర్పడే తక్కువ పీడనం లోపలికి లాగుతుంది. తూలేది ఆ క్షణంలోనే.

మరొకటి ఊపిరి. సైకిలు తొక్కే మనిషి కారులో కూర్చున్నవారికంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. అంటే అదే పొగ ఉన్నచోట ఎక్కువ మోతాదు లోపలికి పోతుంది. వాహనాల నుంచి వచ్చే అతిసూక్ష్మ కణాలు రహదారి నుంచి దూరం జరిగేకొద్దీ వేగంగా తగ్గి, సుమారు 300 మీటర్ల దగ్గర చుట్టుపక్కల గాలి స్థాయికి వచ్చేస్తాయి. రహదారికి సమాంతరంగా నాలుగు పొలాల అవతల పల్లె దారి దొరికితే చాలు. ఊరు మారకుండానే గాలి మారుతుంది.

బయలుదేరేముందు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అప్పుడు ఇక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం వైపు నుంచి వీస్తుంది. అందుకే పొద్దున్నే ఉత్తరంగా కంసావతి వైపు వెళ్లి, అలసిపోయాక గాలి వీపున పెట్టుకుని తిరిగి రావడం తెలివైన పని. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలిలో 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే గాలి అడ్డంకి సుమారు రెండు ముప్పావు రెట్లు అవుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక కాలవైశాఖి తుపాను గాలులు, పిడుగులు హఠాత్తుగా వస్తాయి. మైదానంలో సైకిలు మీద ఉన్న మనిషే అక్కడ ఎత్తైన వస్తువు కావచ్చు. పడమర అడవుల్లోకి ఏనుగులు వస్తుంటాయి కాబట్టి తెల్లవారుజామున, సందె చీకట్లో ఆ దారులు వద్దు. కలైకుండా వైమానిక స్థావరం పరిసరాల్లో సూచనల బోర్డులు దాటి వెళ్లకూడదు. గట్టు దారి అంతటా ఒకేలా ఉండదు. ఎక్కడ తెగిందో, ఎక్కడ బురదో ఆ ఊరివారిని అడగడం ఏ మ్యాపుకన్నా మేలు.

ఇది విహారానికి మాత్రమే సంబంధించింది కాదు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం పశ్చిమ బెంగాల్‌లో నూటికి దాదాపు 79 ఇళ్లలో సైకిలు ఉంది. దేశంలో ఇదే అత్యధికం. 2015లో మొదలైన సబూజ్ సాథీ పథకం కింద 9 నుంచి 12 తరగతుల పిల్లలకు ఆ రాష్ట్రం కోటికి పైగా సైకిళ్లు ఇచ్చింది. ఆదివారం మనం ప్రశాంతత కోసం వెళ్లే దారిలోనే సోమవారం ఆ పిల్లలు బడికి వెళ్తారు.

హైదరాబాద్ 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి కట్టింది. నగరంలో అలా కొత్తగా కట్టాల్సి వస్తుంది. మేదినీపూర్‌లోనూ, గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ కాలువ గట్లు ఉన్నాయి. సమతలాన్ని నూటయాభై ఏళ్ల కిందటే కొలిచి పెట్టారు. గట్టును వెడల్పు చేసి లారీకి తెరిస్తే ఆ దారి పోతుంది. గట్టు బాగుచేసే ప్రతిసారీ రెండు మీటర్ల వెడల్పున గట్టి నేల, చివర్లలో లారీ దూరకుండా రెండు రాళ్లు ఉంచితే అది నిలుస్తుంది. ఆనకట్ట కట్టినంత ఖర్చు అవసరం లేదు. బడికి వెళ్లే పిల్ల మీద పడే భారం 17 గ్రాముల దగ్గరే ఆగుతుంది.